మాస్టారి కుర్చీ దాకా రాని గొంతు

మా ఇంటి ఓనరుగారు, హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు చెప్పిన మాస్టారు, పోయిన నెలలో కాలం చేశారు. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. "మాస్టారు కుర్చీలోనే పోయారండీ. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపడానికి నాకు భయంగా ఉంది" అంది. వెళ్ళి నేనే ఆపాను. సమాధుల తోటలో పెద్దలు చాలామంది మాట్లాడారు. ఆయన క్రమశిక్షణ గురించి, చేతిరాత గురించి చెప్పారు. ఆయన రోజూ పాట వినే గది మాట ఎవరూ ఎత్తలేదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి రాస్తున్నాను.

బెజవాడలో ఏలూరు కాలువ పక్కనున్న ఆ ఇల్లు అన్నదమ్ములిద్దరిది. మాస్టారు పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు చర్చి క్వయర్లో బేస్ పాడేవాడట. అందరి గొంతుల కిందా చాప పరిచినట్టు ఉండే మంద్ర స్వరం అతనిది. ఆ తమ్ముడు కేథలిక్కుల అమ్మాయిని చేసుకుంటానంటే, ప్రొటెస్టెంటు పట్టుదల మనిషి మాస్టారు ససేమిరా అన్నారు. పెళ్ళికి వెళ్ళలేదు. కొత్త పెళ్ళికూతురు గడపలో అడుగుపెట్టిన వారానికే పెద్ద హాలుకి నడిమధ్య గోడ లేపించారు. రెండేళ్ళకి తమ్ముడు కామెర్లతో పోయాడు. ఆ రెండేళ్ళలో అన్నదమ్ముల మధ్య ఒక్క మాట లేదు. తర్వాత ఆ అమ్మాయి గోడకి అటు, మాస్టారు ఇటు. ఇదంతా మేం మేడమీద అద్దెకి దిగకముందు సంగతి. మా ఆవిడ పాలవాడి దగ్గర వారం తిరక్కుండా రాబట్టింది.

మాస్టారి దగ్గర ఒక స్పూలు టేపు ఉండేది. గొడవకి ముందు ఒక క్రిస్మసుకి, క్వయరు ఆ హాల్లోనే ప్రాక్టీసు చేస్తుంటే ఆయన రికార్డు చేసిన పాట. రోజూ సాయంత్రం ఆరున్నరకి దాన్ని పెట్టుకునేవారు. ఒకరోజు నన్ను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టారు. హార్మోనియం, ఆడవాళ్ళ గొంతులు శుభ్రంగా వినిపించాయి. మధ్యలో ఎవరో మగమనిషి గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి వెనక రావాల్సిన గొంతు మాత్రం రాలేదు.

"ఇప్పుడు లేచి గోడ దగ్గరికెళ్ళండి" అన్నారు.

వెళ్ళాను. ఛాతీ మీద ఎవరో అరచెయ్యి ఆనించినట్టయింది. గోడంతా హోరు.

"విన్నారుగా? వాడు గదిలోనే ఉన్నాడండీ. నా దగ్గరికే రావట్లేదు" అన్నారు మాస్టారు.

గోడ దగ్గర కూర్చుని వినొచ్చు కదా అన్నాను. "అక్కడ మోతే గాని గొంతుండదు. అది వాడు కాదు, వాడి దెయ్యం" అన్నారు. కుర్చీ ఎక్కడికి జరిపినా అయితే హోరు, లేకపోతే శూన్యం. కారణం ఆయనే చెప్పారు. లోతు స్వరం గోడకీ గోడకీ మధ్య ఊగుతుందట. గోడల దగ్గర పోగుపడి, నడిగదిలో మాయమవుతుందట. హాలు పొడుగ్గా ఉన్నన్నాళ్ళూ ఇదే టేపులో తమ్ముడు నిండుగా వినిపించేవాడు. అడ్డంగా గోడ లేచాక గది చదరమైపోయింది. "చదరం గది చెడ్డ గదండీ. దాన్ని చదరం చేసింది నేనే" అన్నారు, బ్లాక్‌బోర్డు మీద లెక్క చెబుతున్నంత మామూలుగా.

"ముందు గదిని అనుమానించండి, తర్వాత మిషన్ని" అనేది ఆయన మాట. చెప్పొద్దూ, మిషన్ని కూడా ఆయన వదిలిపెట్టలేదు. సినిమా హాల్లో తీసేసిన పన్నెండంగుళాల ఊఫర్, అంటే లోతు స్వరాలు పలికే స్పీకరు, తెచ్చి, కొండపల్లిలో బొమ్మలు చేసే ఒకాయన చేత పెట్టె చేయించారు. ఆ బొమ్మలాయన తనకి అలవాటైన పొణికి చెక్కతో చేసిచ్చాడు. బొమ్మలకి దానంత మంచి చెక్క లేదు, కానీ తేలిక. పాట మొదలుపెట్టగానే పెట్టె అదిరిపోయి తనూ పాడేది. తర్వాత టేకుతో రెండు పొరల పెట్టె చేయించి, పొరల మధ్య కృష్ణ ఇసుక పోయించారు. ఆ ఇసుక జల్లెడ పట్టింది నేను, నడుం పట్టేసింది నాకు. మోత పీల్చుకుంటాయని గది మూలల్లో బూరుగు దూది బస్తాలు నిలబెట్టారు. వాటిలో ఒక బస్తాని మా ఆవిడ పనికిరాని సరుకనుకుని మాకు తలగడలు కుట్టేసింది. మాస్టారు ఆ వారమంతా మేడమెట్ల వైపు దిగులుగా చూశారు.

ఎమర్జెన్సీ వచ్చిన ఏడాది, ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే నన్ను కేకేశారు. నడిమి గోడకి ఆనించి ఉన్న ఆ ఇసుక పెట్టెని ఇద్దరం కలిసి ఎత్తి ఆయన కుర్చీలో పెట్టాం. "నేను కూర్చునే చోట అది కూర్చుంటుంది. నేను వెళ్ళి దాని చోటు వెతుకుతాను. నాకు ఎక్కడ బాగా వినపడుతుందో అక్కడ దాన్ని పెడితే నా కుర్చీకీ బాగా వినపడాలి" అన్నారు. టేపు పెట్టి, తెల్లపంచె పైకి కట్టి, అరవయ్యేళ్ళ మనిషి నేలమీద దోగాడడం మొదలుపెట్టారు. గోడ వెంబడే పాకుతూ, ఆగి చెవి వంచుతూ, మళ్ళీ పాకుతూ. నాకు నవ్వొచ్చింది. కిటికీ కింద ఆగి ఇక కదలకపోయేసరికి నవ్వు పోయింది.

పెట్టెని కుర్చీలోంచి దించి కిటికీ కిందకి చేర్చాం. మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. ఊపిరి వినిపించింది. దాని వెనకే గొంతు వచ్చింది. హోరు కాదు, మనిషి గొంతు. పెదవి కలిసిన చప్పుడుతో సహా, మా ఇద్దరి ముందూ నిలబడి పాడాడు. "వచ్చాడండీ" అని మాత్రం అన్నారు. ఆయన ఏడవడం చూసింది ఆ ఒక్కసారే.

ఆ సుఖం మూడు సాయంత్రాలు. నాలుగో రోజు తమ్ముడి భార్య వరండాలోకి వచ్చి నిలబడింది. అన్నేళ్ళలో ఆమె ఆయనతో మాట్లాడడం అదే మొదలు.

"బావగారూ, పాట ఆపేశారేంటండీ?"

మాస్టారు తెల్లబోయారు. పాట రోజూ మోగుతూనే ఉంది.

"నాకు పాటంతా వినపడదండీ. గోడలోంచి ఆయనొక్కరి గొంతే వచ్చేది. మాటలు తెలిసేవి కాదు, గొంతు తెలిసేది. సాయంత్రమయ్యేసరికి గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. మూడ్రోజుల్నుంచి ఆయన రావట్లేదు."

మాస్టారు లేచి నిలబడ్డారు. "మిషను కాస్త పాడైందమ్మా. రేపటికి బాగుచేస్తాను" అన్నారు.

ఆమె వెళ్ళగానే పెట్టెకి ఒక పక్క పట్టుకుని, రెండో పక్క పట్టమని నాకు సైగ చేశారు. మళ్ళీ నడిమి గోడ దగ్గరికే చేర్చాం. నాకు ఒళ్ళు మండింది. ఒకరోజు అటు, ఒకరోజు ఇటు పెట్టుకోవచ్చు కదా, ఆమెకి చెప్తే అర్థం చేసుకోదా అని గట్టిగానే అడిగాను.

"ఒకసారి వాళ్ళకి అడ్డంగా గోడ కట్టానండీ. ఇంకోటి కట్టమంటారా?" అన్నారు. "ఆమెకి మాత్రం చెప్పకండి."

తర్వాత కూడా రోజూ ఆరున్నరకి టేపు పెట్టారు, కరెంటు పోయిన రోజుల్లో తప్ప. ఏమీ రాని ఆ కుర్చీలోనే కూర్చుని పాట అయ్యేదాకా లేచేవారు కాదు. గోడకి అటు ఒక మనిషి వింటోందని ఇటు ఆయన కూర్చునేవారు. ఆఫీసులో పై అధికారుల మంచితనం గురించి చాలా పొగడ్తలు రాశాను గాని, నా కళ్ళతో చూసిన మంచితనం అదొక్కటే. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ భయం లాంటిదేదో వేస్తుంది.

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజు సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చింది. "అన్నయ్యగారూ, ఒక్కసారి పాట పెడతారా?" అంది. టేపు పెట్టడానికి కిందికి దిగాను. ఆమె తన ఇంట్లోకి వెళ్ళి వింటుందనుకుంటే, నా వెనకే గదిలోకి వచ్చింది. మూలల్లో బస్తాలని, పెట్టెని చూసింది. వెళ్ళి మాస్టారి కుర్చీలో కూర్చుంది.

హార్మోనియం మోగింది. ఆడవాళ్ళు పాడారు. ఊపిరి వినిపించింది. ఆమె ముందుకు వంగింది. ఏమీ రాలేదు.

"ఆయనేరండీ?" అంది.

నేను టేపు ఆపాను.

"బావగారు రోజూ కూర్చునేది ఇక్కడేనా?"

"ఇక్కడేనమ్మా."

ఇక దాచలేక కిటికీ సంగతి, ఆ మూడు సాయంత్రాల సంగతి అంతా చెప్పేశాను. ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. "పెట్టె కిటికీ కిందకి జరపనా అమ్మా? మా ఆవిణ్ణి కేకేస్తాను, ఇద్దరం పట్టి జరుపుతాం" అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"మళ్ళీ మొదట్నుంచీ పెట్టండి" అంది.

పెట్టాను. ఆమె ఆ కుర్చీలోంచి లేవలేదు. పాటలో భర్త గొంతు రావాల్సిన చోటు వచ్చినప్పుడల్లా తలెత్తి, ఇన్నేళ్ళూ తను అటు నుంచి ఆనుకున్న గోడని ఇటు నుంచి చూసింది.