వెనక లైటు

ఎనభైల చివర్లో ఒక పొద్దున సిద్దిపేట నుంచి మిరుదొడ్డి వెళ్లే బస్సులో ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. దుబాయిలో కార్ల మెకానిక్కట. ఒళ్లో పెట్టె ఉంది. పైన పెడతానన్నా ఇవ్వలేదు.

"బంగారమా అన్నా?" అన్నాను.

"మా దోస్తు బట్టలు. ఆడ కారు గుద్దుకొని పాణం పోయింది. వాళ్లవ్వకు ఇయ్యాలె."

నా హాస్యానికి ఎప్పుడూ ఇలాంటి ముహూర్తాలే దొరుకుతాయి.

దోస్తు నడిపే ఆ పాత కారుకు ఒక మీట ఉండేదట. అది నొక్కితే కాలు తీసేసినా బండి అదే స్పీడులో పోతుంది, బ్రేకు తొక్కితే వదిలేస్తుంది. ఒక్కోసారి వదలడం లేదని దోస్తు బండిని ఈయన దగ్గరికే తెచ్చాడు.

"ముందటంత ఇప్పిన తమ్మీ. పైపులు, వైర్లు మార్చిన. ఏం గాదు పో అని పంపిన. బ్రేకు కాడ చిన్న స్విచ్చు ఉంటది, అదొక్కటి చూడలె. అది ఖరాబైతే వెనక ఎర్రలైటు వెలగది, బ్రేకు తొక్కినట్టు ఆ మీటకు తెల్వది. ఒక్కసారి వెనకకు పోయి లైటు చూస్తే అయిపోతుండె."

నా వైపు తిరిగి అడిగాడు: "అవ్వ అడిగితే ఏం జెప్పాలె?"

ప్రతి ఏడుపులోనూ ఒక జోకు దూర్చే నేను, కిటికీలోంచి మక్కచేన్లు చూశాను.

దోస్తు ఊరి స్టేజీలో ఆయన దిగాడు. బస్సు కదిలిన కాసేపటికే బర్రెలు అడ్డొస్తే డ్రైవరు బ్రేకు తొక్కాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన ఊరి దారి పట్టలేదు. పెట్టె చేత్తో పట్టుకుని, వంగి, మా బస్సు వెనక లైట్లు చూస్తున్నాడు.