రెండు మీటర్ల ఇల్లు

మా వీధిలో కరెంటు ఉండేది కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉండేది. కాకపోతే సాయంత్రం ఆరు దాటాక బల్బులు ఎంత సన్నగా వెలిగేవంటే, బల్బు వెలుగుతోందో లేదో చూడటానికి కొవ్వొత్తి పట్టుకుని వెళ్లేవాళ్లం. ఒక ఎండాకాలం మా ఇంటి ఫ్యాను రెక్క మీద పిచ్చుక గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక తీసుకుని పోయింది. ఫ్యాను మటుకు ఆ నెలంతా తిరుగుతూనే ఉంది.

ఈ అల్లరి కరెంటు మీదే బతికినవాడు మా పక్కింటి వైండింగాయన. ఓల్టేజీ పడిపోతే మోటార్లు కాలేవి. మోటార్లు కాలితే ఆయన పొయ్యి వెలిగేది. కాలిపోయిన రాగితీగ విప్పి, చుట్లు లెక్కపెట్టి, కొత్త తీగ చుట్టి, వార్నిషు పట్టించి, ఎండబెట్టి ఇచ్చేవాడు. మూత తీయగానే వాసన చూసి, "ఇది నిన్న మధ్యాహ్నం కాలింది. అప్పుడు మీ ఆవిడ ఇస్త్రీ చేస్తూ ఉండాలి," అనేవాడు. వెళ్లి అడిగితే నిజమే అయ్యేది.

ఆయనకు పిల్లలు లేరు. ఆ లోటు ఎప్పుడూ పైకి చెప్పుకోలేదు, ఎందుకంటే తమ్ముడు ఉన్నాడు. ఇద్దరికీ పదకొండేళ్ల తేడా. అమ్మానాన్నలు పోయేనాటికి తమ్ముడు నిక్కరు జారకుండా పట్టుకుని తిరిగే వయసువాడు. వాణ్ణి అన్నే పెంచాడు, కుట్టుపని నేర్పించాడు, మోటారు మిషను కొనిచ్చాడు, పెళ్లి చేశాడు. అన్నదమ్ములు, తోడికోడళ్లు కలిసి నలుగురూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. సాయంత్రం వీధిలోకి వాళ్ల నవ్వులే ముందు వినిపించేవి. అన్నం వాసన ఆ తరవాత వచ్చేది.

చిక్కంతా కరెంటు ధరతో వచ్చింది. మా దగ్గర ఆ ధర మెట్లు మెట్లుగా ఉండేది. కింది మెట్టు మీద ఉన్నంతవరకు చవక. ఒక్క యూనిట్ ఎక్కువ కాల్చి పై మెట్టు మీద కాలు పెట్టామా, తల తిరిగిపోవాల్సిందే. తమ్ముడి మిషను, ఇస్త్రీపెట్టె కలిసి ప్రతి నెలా ఆ ఇంటిని పై మెట్టెక్కించేవి. వైండింగాయన ఇల్లంతా తిరిగి లైట్లు ఆర్పేవాడు. ఆయన భార్య, అంటే తమ్ముడి వదిన, చీకట్లో కూరలు తరిగి రెండుసార్లు వేలు తెగ్గోసుకుంది.

"మాంసం కొనుక్కోలేక వేళ్లు వండుకుంటున్నట్టుంది మీ వదిన," అని నేను తమ్ముణ్ణి ఏడిపించాను.

బిల్లు కొట్టే కుర్రాడు ఒకరోజు ఉపాయం చెప్పాడు. "ఒకే మీటరు మీద ఎందుకు చస్తారు? రెండు మీటర్లు పెట్టించుకోండి. రెండూ కింది మెట్టు మీదే ఉంటాయి."

కానీ ఒక ఇంటికి రెండో మీటరు ఊరికే ఇవ్వరు. అన్నదమ్ములు వేరు పడ్డారని చూపించాలి. మధ్యలో గోడ ఉండాలి, రెండు వాకిళ్లు ఉండాలి, రెండు పొయ్యిలు ఉండాలి. పైగా దరఖాస్తులో ఒక గడి: విడిపోవడానికి కారణం.

వైండింగాయన ఆ గడి దగ్గర కలం పట్టుకుని అరగంట కూర్చున్నాడు. చివరికి కరెంటాఫీసు గుమాస్తానే అడిగాడు, "ఏం రాయాలండీ?"

"అందరూ 'మనస్పర్థలు' అని రాస్తారు. మీరూ అదే పడెయ్యండి."

పడేశాడు. ఇంటికొచ్చి చెబితే నలుగురూ పడీపడీ నవ్వారు.

తనిఖీకి ఇంజనీరు వస్తే మనస్పర్థలు చూపించాలి కదా. అందుకని ముందురోజు వాళ్లింట్లో రిహార్సలు పెట్టాం. మాటలు రాసిచ్చినవాణ్ణి నేనే. కాన్వెంటులో చదివే రోజుల్లో నాటకాలకు తెర వెనక నిలబడి మాటలందించిన అనుభవం నాది. ఒక కాగితం మీద అన్నకు నాలుగు వాక్యాలు, తమ్ముడికి నాలుగు వాక్యాలు రాశాను.

"నేనేం అనాలి బాబాయ్?" అన్నాడు వైండింగాయన.

"'వీడు నా మాట వినడండీ' అను."

"వినకపోవడమేంటి? వింటాడుగా!"

"ఇది నాటకంరా నాయనా."

"ఓహో." గొంతు సవరించుకున్నాడు. "వీడు నా మాట వినడండీ... కానీ మంచోడండీ."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మీరిలా పోట్లాడితే మీటరు కాదు, మెడలో దండేసి పోతారు."

తమ్ముడి వంతు వచ్చింది. 'మా అన్నయ్య ఫ్యాను ఆపడండీ' అని నేను రాశాను. వాడు కాగితం పక్కన పెట్టి, గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"నాకు ముప్ఫై నాలుగేళ్లండీ. ఇవాళ్టికీ నేను ఏం కూర తినాలో మా అన్నయ్యే చెప్తాడు. నాకు టైలరు పని ఇష్టమేనా అని ఈ ఇంట్లో ఒక్కళ్లు కూడా అడగలేదండీ."

వైండింగాయన చప్పట్లు కొట్టాడు. "అబ్బ! ఏం చెప్పావురా! ఈ ఒక్క మాట చాలు, మీటరు మనదే!"

తమ్ముడి భార్య, ఆయన మరదలు, నవ్వలేదు. వదిన నవ్వు ఆగిపోయింది. నేను నా కాగితం మళ్లీ చదువుకున్నాను. ఆ మాట అందులో లేదు.

ఇంజనీరు వచ్చాడు. అప్పటికే ఒంటి ఇటుక గోడ లేచింది, మధ్యలో రాకపోకలకు ఒక తలుపు ఉంచారు. గోడకు అవతల ఇటుకల మీద ఒక కొత్త పొయ్యి, దాని మీద గిన్నె, గిన్నెలో మరుగుతున్న నీళ్లు. వాసన రావాలని వదిన అందులో ఒక ఉల్లిపాయ వేసింది. ఇంజనీరు మూత తీశాడు.

"ఇదేం కూరమ్మా?"

"ఉల్లిపాయండీ."

"ఒక్కటేనా?"

"కొత్త కాపురం కదండీ," అంది మరదలు.

ఇంజనీరు నవ్వు దాచుకుని అన్నదమ్ముల వైపు తిరిగాడు. "నిజంగానే వేరు పడ్డారా?"

వైండింగాయన మాట అందించమన్నట్టు నా వైపు చూశాడు. తమ్ముడే అన్నాడు, "పడ్డామండీ."

మీటరు వచ్చింది. ఆ నెల రెండు బిల్లులూ కింది మెట్టు మీదే ఆగాయి. వైండింగాయన వీధంతా మిఠాయి పంచాడు.

మొదట్లో అందరూ పాత పొయ్యి దగ్గరే తిన్నారు. తరవాత, గోడలో తలుపున్న ఇళ్లకు రెండో మీటరు పీకేస్తున్నారని పుకారు పుట్టింది. తలుపు తీసేసి అక్కడా ఇటుకలు పేర్చారు. అటునుంచి ఇటు రావాలంటే వీధిలోకి వచ్చి, పదడుగులు నడిచి, మళ్లీ గడప ఎక్కాలి. పదడుగులు పెద్ద దూరమా? కాదు. కానీ వాన కురిసిన రోజు మరదలు, "ఇవాళ్టికి ఇక్కడే వండేస్తాను అక్కా," అంది. వాన వెలిశాక కూడా అక్కడే వండింది. కొన్నాళ్లు కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగాయి. ఆ తరవాత గిన్నెలు కూడా ఎవరి గూట్లో వాళ్లవి సర్దుకున్నాయి.

పోట్లాట లేదు. అదే అసలు బాధ. పోట్లాట ఉంటే నాలాంటివాడు మధ్యలో దూరి రాజీ చేసేవాడు.

"గోడ కరెంటోళ్ల కోసం కట్టాం. వీళ్లేంటండీ, దాన్ని నమ్మేశారు?" అని వదిన ఒకసారి నా దగ్గర వాపోయింది. మూడో ఏడు ఆవిడ జ్వరంతో పోయింది. తమ్ముడు ఆసుపత్రిలో పగలూ రాత్రీ కూర్చున్నాడు, అన్నీ దగ్గరుండి చేశాడు, అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. వారం రోజులు వైండింగాయనకు అటునుంచే అన్నం వచ్చింది. ఎనిమిదో రోజు రాలేదు. ఆయన మధ్యాహ్నం మూడింటిదాకా చూసి, లేచి బియ్యం కడిగాడు.

అప్పటినుంచి ఆయన పని బల్ల గోడ పక్కకు చేరింది. అక్కడ కూర్చుంటే అవతలి ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. ఆ ఫ్యానుకు తీగ చుట్టింది ఆయనే.

"మూడో నంబరు మీద పెట్టుకున్నారు బాబాయ్. మా మరదలికి ఉక్క ఎక్కువ," అనేవాడు. ఇంకో రోజు, "బేరింగు పోయేలా ఉంది. చెబితే బావుణ్ణు," అన్నాడు.

"చెప్పొచ్చుగా?"

"గోడకి చెవి పెట్టి విన్నానని ఎలా చెప్పను?"

అలా ఆరేళ్లు గడిచాయి. ఒక ఉదయం నేను పేపరు పట్టుకుని వెళ్లి ఆయనకు చదివి వినిపించాను. కరెంటు ధరలు మార్చారు. కింది మెట్లన్నీ కలిపేశారు. పైగా కాల్చినా కాల్చకపోయినా ప్రతి మీటరుకూ నెలనెలా ఇంత కట్టాలి. లెక్క వేసి చూస్తే, రెండు మీటర్లున్న ఇల్లే ఇప్పుడు ఎక్కువ కట్టుకోవాలి.

వైండింగాయన చేతిలో తీగచుట్ట కింద పెట్టాడు. "అయితే ఇంక గోడతో పని లేదన్నమాట!"

వదిన పోయాక ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ మధ్యాహ్నమే కరెంటాఫీసుకు వెళ్లి, తన మీటరు తీసేయమని దరఖాస్తు పెట్టాడు. అందులోనూ కారణం అడిగారు. 'కలిసిపోయాము' అని రాశాడు. ఇలా రాసినవాణ్ణి తన సర్వీసులో చూడలేదని గుమాస్తా లేచి చెయ్యి కలిపాడట.

"ముందు తమ్ముడికి చెప్పావా?" అన్నాను.

"చెబితే ఏం సరదా బాబాయ్? మీటరు పీకాక వెళ్లి చెబుతా. 'ఒరేయ్, నాకు కరెంటు లేదు, నీతోనే ఉంటా' అంటా. వద్దంటాడా?"

లైన్‌మన్ పొద్దున్నే వచ్చి మీటరు విప్పుకుని పోయాడు. వైండింగాయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, సుత్తి, ఉలి పట్టుకుని తమ్ముడి గడప ఎక్కాడు. వేడుక చూద్దామని నేనూ వెనకే వెళ్లాను.

తమ్ముడు మిషను ఆపి అంతా విన్నాడు.

"ముందు ఒక్క మాట అడగాల్సింది అన్నయ్యా."

"అడిగేదేముందిరా? ఇదిగో, ఇక్కణ్ణించి కొడితే గంటలో గోడ పడుతుంది."

"ఆ గోడకి గుడ్డలు కత్తిరించే బల్ల బిగించాను."

"బల్లే కదా, జరుపుదాం."

"బల్ల సంగతి కాదన్నయ్యా."

"మరి?"

తమ్ముడు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు వేళ్లకేసి చూసుకున్నాడు. "మాకు ఇలా అలవాటైపోయింది."

వైండింగాయన సుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. మరదలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, అది నేను చూశాను. ఆమెను తిట్టుకోవడానికి కూడా నాకు వీలు లేకపోయింది.

"నువ్వు చీకట్లో ఎందుకుంటావు అన్నయ్యా? మా ఇంట్లోంచి వైరు లాగిస్తాను," అన్నాడు తమ్ముడు.

"మీ ఇంట్లోంచి," అన్నాడు వైండింగాయన.

"అవును."

మరదలు మెల్లగా అంది, "మధ్యలో ఒక చిన్న మీటరు పెట్టుకుంటే ఎవరు ఎంత కాల్చారో తెలిసిపోతుంది బావగారూ. రేపు ఒకరినొకరు మాట అనుకోకుండా ఉంటుంది."

"మంచి ఆలోచనమ్మా," అన్నాడాయన.

వీధిలోకి వచ్చాక నేను మండిపడ్డాను. "ఎవరి దయా నీకొద్దు. కరెంటాఫీసులో మళ్లీ మీటరుకి దరఖాస్తు పెట్టు."

"మళ్లీ కారణం రాయమంటారు బాబాయ్. ఈసారి నిజం రాయాలి."

చిన్న మీటరు ఆయనే కొనుక్కొచ్చాడు. బిగించడానికి ఇంకొకరిని పిలవడానికి ఒప్పుకోలేదు. నేను స్టూలు పట్టుకున్నాను. ఏ గోడను పడగొడదామని ఉలి తీశాడో, ఆ గోడకే వైరు పట్టేంత చిల్లు పెట్టాడు. ఉలి అవతలికి దిగగానే అటునుంచి సన్నగా వెలుగు వచ్చింది. దానితో పాటు అవతల ఉడుకుతున్న అన్నం వాసన, మిషను చప్పుడు, మరదలు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్న గొంతు కూడా వచ్చాయి. ఆయన చిల్లు దగ్గర ముఖం పెట్టి కదలకుండా నిలబడ్డాడు. నేను తొందరపెట్టలేదు.

అవతల మిషను ఆగింది. వైరు కొస అటు అందుకున్నారు. కాసేపటికి చిన్న మీటరు మీద ఎర్రదీపం వెలిగింది, ఇటు గదిలో బల్బు వచ్చింది.

"వచ్చిందా అన్నయ్యా?" తమ్ముడి గొంతు చిల్లులోంచి, చెవి పక్కనే ఉన్నట్టు వినిపించింది.

"వచ్చిందిరా."

"అయితే వైరు చుట్టూ సిమెంటు పెట్టెయ్. చీమలొస్తాయి."

"అలాగే," అన్నాడు వైండింగాయన.

గుప్పెడు సిమెంటు తడిపి, చిల్లులో కూరి, వేలితో నున్నగా నొక్కాడు. స్టూలు దిగి చెయ్యి కడుక్కున్నాడు.