పత్తిగది గోడ కొలత

మా ఇంట్లో పుస్తకాలకి శాశ్వత చిరునామా ఎప్పుడూ లేదు. నా పెళ్ళైన కొత్తలో అవి మంచం కింద ఉండేవి. తర్వాత అటకెక్కాయి. అక్కడ చెదలు పడతాయని, ఖాళీ మిరపకాయల గోతాల్లో కుక్కి మూతులు కట్టాం. చెదలైతే రాలేదు గానీ, అప్పట్నించి ఏ నవల తెరిచినా మొదటి పేజీకి రెండు తుమ్ములు, చివరి పేజీకి కళ్ళనీళ్ళు. అందులో రచయిత గొప్పతనం ఎంతో, గోతం గొప్పతనం ఎంతో తేల్చుకోలేకపోయేవాణ్ణి.

నేను లెక్కల మాస్టారిని. పర్చూరుకి దగ్గర్లో ఒక ఊళ్ళో హైస్కూల్లో పనిచేస్తున్నాను. పొలం మా ఆవిడ చూస్తుంది. ఐదెకరాల్లో మూడు పత్తి, రెండు మిరప. బయటి ఊళ్ళో ఎవరైనా అడిగితే నేను రైతు కుటుంబం అని చెప్పుకుంటాను. మా పొలంలో కూలికొచ్చేవాళ్ళు మాత్రం నన్ను చూస్తే ఎవరో ఆఫీసరు పంట నష్టం రాసుకోడానికి వచ్చాడనుకుంటారు.

మా ఇల్లు పాతది. దాన్లో ఉత్తరపు వైపు ఒక గది ఉంది, పత్తిగది. తీసిన పత్తి బోరేల్లో, అంటే పెద్ద గోనెసంచుల్లో, ఇంటికొస్తుంది, ఆ గదిలో పోసి తొక్కుతారు, ధర నచ్చేదాకా అది అక్కడే ఉంటుంది. ధర నచ్చాల్సింది మా ఆవిడకి. ఆమెకి ఏదీ ఒకపట్టాన నచ్చదు. పత్తి పోయాక ఎరువుల బస్తాలొస్తాయి, అవి పోయేసరికి మళ్ళీ పత్తి. పండగలకి ఇల్లంతా వెల్ల వేయించినా ఆ గదికి వేయించేవాళ్ళం కాదు. పత్తికి సున్నం అంటుతుందని ఒక వంక, పత్తిగదిని చూసేదెవరని ఇంకో వంక.

ఆ గది పడమటి గోడ మీద నాకు చాలాకాలంగా కన్ను. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాను. ఆ తర్వాత ఈ ఇంట్లో నేను కూర్చునే చోటేదో ఇప్పుడే తేలాలి, లేకపోతే వరండాలో పడక్కుర్చీయే గతి. వరండాలో కూర్చున్నవాణ్ణి ఊళ్ళో అందరూ పలకరిస్తారు, ఎవరూ చదవనివ్వరు. పుస్తకాల అల్మారా అంటూ కొనుక్కొస్తే ఏదో ఒక రోజు దాన్ని జరిపేస్తారు. అదే ఈ మూల నుంచి ఆ మూలకి గోడకే బిగించేశామనుకోండి, దాన్ని ఎవరూ అటకెక్కించలేరు. గోడ నాదైతే గది నాదవుతుంది. ఇదీ నా ఆలోచన.

ఒక ఆదివారం మా ఆవిడ మిరపకాయలకి తొడిమలు తీస్తుంటే చెప్పాను.

"కట్టుకోండి" అంది తలెత్తకుండా.

"మరి పత్తి?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

"ఈ ఏడు పత్తి ఎటూ తోలేస్తాం. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు."

అంత తేలిగ్గా ఒప్పుకుంటే అనుమానం రావాలి. నాకు సంతోషం వచ్చింది.

వడ్రంగిని పిలిపించాను. ఆయన గుమ్మంలో నిలబడి, నిండుగా ఉన్న పత్తిని చూసి, "ఇది తోలాక కబురెట్టండి మాస్టారూ" అని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు. నాకు ముక్కు మీద కోపం. ఈయన కోసం ఆగేదేమిటి, నేనే కట్టుకుంటానని ఫోన్లో వీడియోలు పెట్టుకున్నాను. ఒక దొర పన్నెండు నిమిషాల్లో గోడంతా అల్మారా కట్టి, చేతులు దులుపుకుని, కాఫీ కూడా తాగాడు. ఆయన గదిలో పత్తి లేదన్న సంగతి నేను పట్టించుకోలేదు.

జనవరిలో కొలతలు తీశాను. అప్పటికి పత్తి కప్పుకి రెండడుగుల కిందిదాకా ఉంది. స్టూలెక్కి, టేపు నోట కరుచుకుని, పత్తి మీదికి పాకాను. నడుందాకా దిగబడ్డాను. మెడలోకి గింజలు, ముక్కులోకి నూగు. అట్లాగే ఈదుకుంటూ పోయి ఈ మూల నుంచి ఆ మూలకి టేపు లాగాను. పదకొండడుగుల నాలుగంగుళాలు. పొరపాటు ఉండకూడదని రెండోసారి కూడా కొలిచాను. మళ్ళీ అదే వచ్చింది. రెండుసార్లూ కొలిచింది ఒకే చోట, కప్పు కింద.

ఆ కొలతలు పట్టుకుని పర్చూరులో ప్లైవుడ్ షాపుకి వెళ్ళాను. ఎనిమిదడుగుల షీట్లు కాబట్టి ఒక్కో అరకి రెండు ముక్కలు, ఎడమవైపు నాలుగున్నర అడుగులది, కుడివైపు మిగతాది, మధ్యలో ఆనుకోడానికి నిలువు చెక్క. అట్లా ఆరు అరలు. షాపాయన చీటీ చూసి, "అన్నీ ఒకే కొలతా మాస్టారూ? పైన, మధ్యన, కింద మూడుచోట్లా కొలిచారా?" అన్నాడు.

"లెక్కల మాస్టారిని అడగాల్సిన ప్రశ్నేనా అది?" అన్నాను.

ఆయన చీటీలో ఉన్నట్టే కోసి ఇచ్చాడు.

ఏప్రిల్లో ధర మా ఆవిడకి నచ్చింది. రెండు ట్రాక్టర్లొచ్చి పత్తి ఎత్తుకెళ్ళాయి. ఆమె గది ఊడ్చి, చీపురు మూల పెట్టి, "ఇక మీ ఇష్టం" అంది. బడికి ఒంటిపూట రోజులు కాబట్టి మధ్యాహ్నాలన్నీ నావే. డ్రిల్లింగ్ మిషను అద్దెకి తెచ్చాను. వీధివాళ్ళు ఒకరొకరే వచ్చి చూసి, మాస్టారు బోరు వేయిస్తున్నారేమో అనుకున్నామని చెప్పి వెళ్ళారు.

పైనుంచి మొదలెట్టాను. అన్నిటికంటే పై అర చక్కగా కూర్చుంది. కాగితం దూర్చడానికి కూడా సందు లేదు. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. బాగుందంది. రెండో అర కొంచెం తోస్తే గానీ కూర్చోలేదు. మూడోదాన్ని సుత్తితో కొట్టాను, గోడ పెచ్చు ఒకటి ఊడి కాలి మీద పడింది. నాలుగోది అసలు పట్టలేదు. కింది అర దగ్గర టేపు పెట్టి చూస్తే పదకొండడుగుల ఒక్క అంగుళం.

అప్పుడు తెలిసింది. పాతకాలపు గోడలు అడుగున లావుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. అంటే పక్కగోడల మధ్య చోటు పైన వెడల్పు, కింద ఇరుకు. దాన్ని సమలంబ చతుర్భుజం అంటారు. దాని వైశాల్యం ఎట్లా కట్టాలో ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను. తప్పు చేసినవాళ్ళ చేత పదిసార్లు రాయించాను కూడా. నా ఇంట్లోనే అంత పెద్ద సమలంబ చతుర్భుజం ఉంటే దాని మీద పాకి, పప్పులో కాలేశాను. కాలు కాదు, నడుందాకా వేశాను.

సరే, కోసుకుంటే పోతుంది. చేతిరంపం తెచ్చాను. ఈసారి ఒక్కో అరకీ విడిగా కొలవాలి కదా, కింది అర కోసం నేల మీద కూలబడి, గోడ మీద గుర్తు పెట్టబోయాను. అక్కడ నాకంటే ముందు ఎవరో పెన్సిల్ పెట్టారు.

నేల మీద కూర్చుంటే కళ్ళకెదురుగా వచ్చే ఎత్తులో, ఎడమ మూలకి, సన్నటి అక్షరాలు. నాలుగు నుంచి ఐదున్నర చరిత్ర. ఐదున్నర పాలు. పదకొండు నుంచి పన్నెండు ఎకనామిక్స్. మూడు నుంచి నాలుగు ఇంగ్లీషు, కుదిరితే. 'కుదిరితే' కింద గీత గీసి ఉంది. ఆ కింద వరసగా రోజుకొకటి చొప్పున నిలువు గీతలు. లెక్కపెట్టాను, పద్దెనిమిది. పంతొమ్మిదోది లేదు.

ఆ రాత నాకు తెలుసు. విత్తనాల డబ్బాల మీద అంటించే చీటీల్లో రోజూ చూసే రాతే. వంటింట్లో ఉన్న మా ఆవిణ్ణి పిలిచాను. చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడ వైపు చూసింది. ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఏంటిది?" అన్నాను.

"టైంటేబులు. ప్రైవేటుగా బి.ఏ. కట్టాను గదా. మర్చిపోయారా?"

మర్చిపోయాను. పెళ్ళైన రెండో ఏడు. ఫీజు కట్టడానికి నేనే వెళ్ళానట. అదీ గుర్తులేదు.

"మరి పద్దెనిమిది గీతలతో ఆగిపోయిందేం?"

"పత్తి వచ్చింది. వరండాలో ఉంటే వానకి తడుస్తుందని మీరే ఇందులో వేయించారు. నా పుస్తకాలు తీసి అటక మీద పెట్టారు. జాగ్రత్తగానే పెట్టార్లెండి."

"నువ్వు వద్దనాల్సింది."

"అన్నాను. పది రోజులేగా అన్నారు. తర్వాత ధర పడిపోయిందని ఉంచేశారు. మార్చిలో పరీక్షలయిపోయినయ్యి. గది మేలో ఖాళీ అయింది."

వానెప్పుడు పడింది, మందెప్పుడు కొట్టాం అని చెప్పినట్టు చెప్పింది. కోప్పడితే బాగుండుననిపించింది. కోపానికైతే నా దగ్గర ఎప్పుడూ జవాబుంటుంది.

"ఇన్నేళ్ళూ ఇది ఇక్కడే ఉందా?"

"ఏటా ఊడ్చేది నేనేగా. చూస్తానే ఉన్నా."

నాకు సిగ్గేసింది. అడిగిన పాఠం రాక ఇంకేదో అప్పజెప్పే పిల్లాడిలా, వెంటనే ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. ఇప్పుడైనా మించిపోయింది లేదు, ఓపెన్ యూనివర్సిటీ ఉంది, ఇంటి దగ్గరే ఉండి చదువుకోవచ్చు, అప్లికేషన్ నేను తెస్తాను, పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట అంటూ మొదలెట్టాను.

"ఇప్పుడు మీరు నాకు టైంటేబులు వెయ్యమాకండి" అంది. గుమ్మం దాకా వెళ్ళి, "కట్టుకోండి. చెక్కలు కోయించారుగా" అని, స్టవ్ మీద పాలున్నాయని వెళ్ళిపోయింది.

ఆ రోజు ఇంక ఏమీ బిగించలేదు. చెక్కల మధ్య కూర్చుని ఆ గీతల వంక చూస్తూ ఉండిపోయాను. మా ఇంట్లో నా పుస్తకాలకి చోటు లేదని ఎంతమంది దగ్గర వాపోయానో. స్టాఫ్ రూమ్‌లో దాని మీద ఒక జోకు కూడా ఉంది, నేనే వేసింది. వినేవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. ఆ అయ్యోలన్నీ తప్పు అడ్రసుకి వచ్చాయి.

మర్నాడు ఎడమవైపు పైన బిగించిన ముక్కలు విప్పేశాను. గోడలో స్క్రూలు దిగిన బెజ్జాలు అట్లాగే ఉన్నాయి, అవి నా తెలివికి గుర్తులు. కుడివైపు ఆరు అరలు గోడ వాలుని బట్టి ఒక్కొక్కటీ కోసి బిగించాను. ఎడమవైపు నాలుగున్నర అడుగుల గోడ ఖాళీగా వదిలేశాను. అక్కడ మిగిలిన ముక్కలతో ఒక బల్ల చేశాను. కొలతలు మూడుచోట్ల తీశాను. అయినా ఒక కాలు పొట్టిదైంది. మా ఆవిడ ఒక అట్టముక్క మడిచి దాని కింద పెట్టింది.

నా పుస్తకాలు సగమే పట్టాయి. ఏవి అరల్లో ఉండాలో, ఏవి మళ్ళీ గోతాల్లోకి పోవాలో తేల్చుకోడానికి రెండు రోజులు పట్టింది. నిజం చెప్పాలంటే బాధేసింది. ఆ బాధ నేను ఎవరి దగ్గరా వెళ్ళబోసుకోలేదు.

వేసవి గడిచింది. ఆమె ఆ బల్ల దగ్గర ఒక్కరోజు కూడా కూర్చోలేదు. రోజూ తుడిచేది, అంతే. దాని మీద ఏదీ పెట్టనిచ్చేది కాదు. నేను ఒకసారి కళ్ళజోడు పెడితే తీసుకొచ్చి నా చేతికిచ్చింది. చదవనప్పుడు అంత ప్లైవుడ్డు దండగ చేసుకున్నానే అని లోపల సణుక్కున్నాను. ఇంకో ఆరు అరలు పట్టేవి అక్కడ. ఈసారి ఎరువుల బస్తాలు పశువుల కొట్టంలో దించించింది, దానికీ నాకు కారణం చెప్పలేదు. అట్లాగే నవంబరు వచ్చింది.

మొదటి తీత పత్తి ట్రాక్టర్లో వచ్చినప్పుడు నేను బడి నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నాను. ట్రాక్టరతను బోరెం భుజానికెత్తుకుని, ఏటా అలవాటైన దారే కాబట్టి అడక్కుండానే ఉత్తరపు గది వైపు నడిచాడు. మా ఆవిడ వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇందులో కాదు."

"మరి యాడెయ్యాలమ్మా?"

"పడగ్గదిలో వెయ్యి. మంచం వరండాలోకి తీయిస్తాను."

అతను నా వంక చూశాడు. నేను చెప్పుల వంక చూశాను.

"ఎప్పుడూ ఇక్కడేగా ఏసేది. ఇందులో ఏముందమ్మా?"

"నేను చదువుకుంటున్నా" అంది, వీధిలోకి వినపడేట్టు. ఆ మాట ఆ ఇంట్లో ఆమె నోటివెంట నేను వినడం అదే మొదలు.

అతను బోరెం ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. "ఏం చదువుతున్నారమ్మా?"

"ఇంకా మొదలెట్టలేదు" అంది. "ముందు గది ఉండాలిగా."

అతను సరేనని పడగ్గది వైపు తిరిగాడు. నేను సంచి గోడకి ఆనించి, లోపలికి వెళ్ళి మంచానికి ఒక వైపు పట్టుకున్నాను.