గోగుపుల్లల బొగ్గు

నూనె కలిసిన నీటిని శుభ్రం చేస్తానని బయలుదేరి, అందులో ఇంకాస్త నూనె పోసిన ఘనుణ్ణి నేను. పుట్టింది పలాస పక్క పల్లెలో. పచ్చి జీడిపిక్క కొరికితే మూతి పొక్కుతుందనీ, దాని తొక్క నిండా నూనేననీ మా ఊళ్లో పళ్లు రాని పిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం కెమిస్ట్రీలో డాక్టరేటు వచ్చాక మరుపొచ్చినట్టుంది.

విజయనగరంలో కాలేజీ మాస్టర్ని. నా భార్య పోయాక ఆదివారాలు మరీ పొడుగైపోయాయి. వాటిని పొట్టి చేసుకోవడానికే కాలేజీ వెనక రేకుల షెడ్డులో బొగ్గు కాల్చడం మొదలుపెట్టాను. పొలాల్లో మిగిలే చెత్తను గాలి తగలకుండా మూత బిగించిన డబ్బాలో కాలిస్తే బుగ్గి కాకుండా బొగ్గవుతుంది. ఆ బొగ్గు నీటిలోని నూనెను పట్టేస్తుంది. విశాఖలో చమురు డిపోలో పనిచేసే పాత శిష్యుడొకడు, ట్యాంకులు కడిగిన నీళ్లు క్యానులో నింపి పంపేవాడు. ఆ క్యాను తప్ప నన్ను వెతుక్కుంటూ ఏ ఊరి నుంచీ ఏదీ వచ్చేది కాదు.

మొదట తెచ్చినవి జీడి తొక్కలు. అవి పూర్తిగా మాడకముందే, వానొచ్చేలోగా ఇల్లు చేరాలని డబ్బా దించేశాను. సగం కాలిన ఆ తొక్కల గుండా నీళ్లు వడకడితే పైన తెట్టు ఇంకా మందమైంది. నా వేళ్లు పొక్కాయి. మా డిపార్ట్‌మెంటు హెడ్డు, వయసులో నాకన్నా చిన్నవారు, గాజు జాడీని కిటికీ దగ్గర పెట్టి చూశారు.

“ఏటి మాస్టారూ, నూనె తీస్తానని సెప్పి పోసీసేరేటి?”

“తొక్కలు సరిగ్గా కాల్లేదండీ.”

“తొక్కలో పరిశోధనంటే ఇదేనన్నమాట. సూడండి, మనోల్ల స్కూటర్లు ఎండకి మాడిపోతన్నాయి. డిపో వాళ్లు ఓపాలి వచ్చి సూస్తామన్నారు కదా. ఆళ్లు బాగుందంటే సరే. లేపోతే షెడ్డు స్కూటర్లకి ఇచ్చీండి.”

షెడ్డు స్కూటర్లకు పోతే ఆదివారం నాకు ఇల్లొక్కటే మిగులుతుంది. ఇల్లంటే ఒక కుర్చీ. అది ఎటు తిప్పినా ఎదురుగా గోడే.

తర్వాత గోగుపుల్లలు పట్టాను. గోగుమొక్కల్ని నీళ్లలో నానబెట్టి నార ఒలుచుకున్నాక మిగిలే తెల్లటి పుల్లలవి. మా వైపు పొయ్యి రాజెయ్యడానికీ, దడి కట్టడానికీ వాడతారు. చేత్తో పట్టుకుంటే బరువే ఉండదు. ఈసారి డబ్బా మూతకు పెట్టిన సన్నటి చిల్లులోంచి వచ్చే పొగ పూర్తిగా ఆగేదాకా కూర్చున్నాను. అది చల్లారేదాకా కూడా కూర్చున్నాను. కూర్చోవడంలో నాకు పోటీ వచ్చేవారు లేరు. బొగ్గును నూరి, గుడ్డ మీద మందంగా పరిచి, పైనుంచి క్యానులోని నీళ్లు పోశాను. కింద జాడీలోకి దిగిన నీటి మీద తెట్టు లేదు. లోపలంతా సన్నటి ఖాళీలే గనక ఆ బొగ్గుకి అంత పట్టు. ఖాళీకి నాలోనూ లోటు లేదు గానీ, నన్నే ఎవరూ పట్టించుకోవడం లేదు.

డిపో వాళ్లు ఇద్దరొచ్చారు. జాడీ అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, “ఇక మీదట క్యాన్లు మేమే పంపిస్తాం, పని ఆపకండి మాస్టారూ” అన్నారు. షెడ్డు నిలిచింది. ఈ కబురు చెబుదామని ఫోను తీశాను. ఎవరికి చెయ్యాలో తోచక, దాని అద్దం తుడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

ఈలోగా హెడ్డుగారు ముందుకొచ్చారు.

“ఈ గోగుపుల్లల ఆలోచన మా డిపార్ట్‌మెంటులో ఎప్పట్నుంచో ఉన్నాదండి. నేను వడకడతన్నట్టు ఒక ఫొటో తీసుకుందాం” అని వాళ్లతో అని, నా వైపు తిరిగారు. “మాస్టారూ, మీరలా పక్కకి జరగండి. ఆ పొడి డబ్బా ఇలగియ్యండి.”

బొగ్గుపొడి మహా తేలిక. నీళ్లు చిలకరించి తడపకుండా నేనెప్పుడూ ఒంపను. ఆ రోజు తడపలేదు. డబ్బాను రెండు చేతులా వినయంగా అందించి, చెప్పినట్టే పక్కకి జరిగాను. ఆయన మూత తీసి, కెమెరా వైపు చూస్తూ గుడ్డ మీదికి ఒంపబోతుంటే, పాపం ఉక్కపోతగా ఉంది కదా అని మూలన తిరుగుతున్న టేబుల్ ఫ్యాను ఆయన ముఖం వైపు తిప్పాను.