గడప దగ్గర నిలబెట్టాను

బర్మా దేశంలో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా కోవెల వెనక రేకుల గదిలో ఆదివారం పొద్దుట తెలుగు బడి నడుపుతాను. పిల్లలు తొమ్మిదిమంది. వారమంతా బర్మా బడి, బర్మా స్నేహాలు. ఇంట్లో తెలుగు వింటారు, జవాబు మాత్రం బర్మా భాషలో ఇస్తారు. అది వింటే నాకు ఒళ్లు మండేది. అందుకే గడప దాటాక బర్మా మాట వినపడకూడదని నియమం పెట్టాను. ఎవరైనా నోరు జారితే, అదే మాట తెలుగులో కూడబలుక్కుని చెప్పేదాకా గడప దగ్గర నిలబడాలి. నా ఫోను కూడా కట్టేసి సంచిలో పడేసేదాన్ని. పెద్దవాళ్లు మెచ్చుకున్నారు, నేను ఇంకా బిగుసుకున్నాను.

అందరికంటే ఎక్కువ మురిసింది మా అమ్మ. ఆమెకు బజారు బర్మా తప్ప రాదు. ఏడాదిగా ఉబ్బసంతో మంచం మీదే ఉండేది. ఆదివారాలు కింద వాటాలో ఉండే బర్మా ఆవిడ వచ్చి పక్కన కూర్చునేది. ఆ రోజు అమ్మ ఆయాసం చూసి చెప్పులేసుకోవడానికి తటపటాయించాను.

"ఎల్లు, పిల్లలు సూత్తుంటారు. బేగి వచ్చీ" అంది.

బడి సగంలో ఉండగా, మా మేడలోనే ఉండే ఏడేళ్ల పిల్ల ఒకత్తి పరుగున వచ్చింది. "సయామా, అమే..." అంది రొప్పుతూ. సయామా అంటే టీచరమ్మా అని. అమే అంటే అమ్మ. ఆలస్యానికి వాళ్లమ్మ నేర్పిన సాకు కాబోలనుకున్నాను. మిగతా మాట రానివ్వలేదు.

"ఏటది? తెలుగులో సెప్పు" అని గడప వైపు వేలు చూపించాను.

రెండుసార్లు నోరు తెరిచింది. నేను గుడ్లురిమాను, మూసేసింది. తర్వాత పెదాలు కదుపుతూ నిలబడింది. దారికొచ్చిందని లోలోపల సంతోషించాను, నా కళ్లు పోను. మిగతావాళ్ల చేత గుణింతం వల్లె వేయించాను.

గుణింతం అయ్యేసరికి వచ్చి నా కొంగు పట్టుకుంది. "టీచరమ్మా, మీ యమ్మకి ఊపిరి ఆడనేదు. నిన్ను రమ్మంతంది."

ఒక్క బర్మా ముక్క లేదు. "శభాష్" అన్నాను. ఆ తర్వాతే అర్థమైంది.

చెప్పులు కూడా లేకుండా రెండు వీధులు పరిగెత్తాను. మూడో అంతస్తు ఎక్కేసరికి అమ్మ కళ్లు మూసి ఉన్నాయి. ఆ బర్మా ఆవిడ ఇంకా అమ్మ చెయ్యి వదల్లేదు.

"ఇప్పుడే పోయింది" అంది. "నీ ఫోను కలవలేదు, పిల్లను పంపాను. మీ అమ్మ చివరిదాకా తెలుగులో మాట్లాడుతూనే ఉంది. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అన్నిటికీ అవును, అవును అన్నాను."

ఒక్క మాటైనా గుర్తు తెచ్చుకోమని కాళ్లావేళ్లా పడ్డాను. పాపం, ఎంతో ప్రయత్నించింది. గుర్తురాలేదని ఏడ్చింది.

పన్నెండు రోజులూ అయ్యాక వచ్చిన ఆదివారం మళ్లీ బడి తెరిచాను. నియమం తీసేశాను. మిగతా పిల్లలు హాయిగా బర్మాలో వాగుతున్నారు, నేనేమీ అనను. ఆ పిల్ల మాత్రం వచ్చి తనంతట తానే గడప దగ్గర నిలబడుతుంది. చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చుకుంటాను. తప్పు నీది కాదమ్మా, నాదే అని తెలుగులో చెప్పాను, బర్మాలోనూ చెప్పాను. తలూపుతుంది. నాతో మాత్రం ఇప్పటిదాకా ఏ భాషలోనూ మాట్లాడలేదు.