పసుపు అవతల మరిచిన సంచి

దయ్యాల మాట ఎత్తితేనే నాకు ఒళ్ళు మంట. పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని, రుజువు రాయకపోతే సున్నా వేసేదాన్ని. దారిలో పడేసిన నిమ్మకాయలు దాటొద్దని మా అత్తగారు అంటే, ఏరుకొస్తాను పులిహోర చేద్దామా అని అడిగిన మనిషిని. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నాకే నామోషీగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది ఆర్మూర్. అప్పుడు నేను పనిచేసే బడి పది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో ఉండేది. నలభై దాటాక నాకు మారథాన్ పిచ్చి పట్టింది. నలభై రెండు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తాలి. ప్రాక్టీసుకి టైమెక్కడిది? పొద్దున ఎనిమిదింటికి పదో తరగతి స్పెషల్ క్లాసు, సాయంత్రం దాకా బడి, ఇంటికొచ్చాక వంట, ఆ తర్వాత పేపర్లు దిద్దడం. ఆలోచించి ఆలోచించి చివరికి ఒక ఉపాయం కనిపెట్టాను. బస్సు మానేసి బడికి పరుగెత్తుకుంటూనే పోవడం!

వారానికి సరిపడా చీరలు బడి బీరువాలో పెట్టుకున్నాను. వీపు మీద సంచి, అందులో టిఫిన్ డబ్బా, దిద్దిన పేపర్ల కట్ట. బడి ఊడ్చే లస్మక్క నాకోసం కట్టెల పొయ్యి మీద వేడినీళ్ళు కాచి ఉంచేది. పాపం, ఒక్కరోజు కూడా విసుక్కోలేదు.

మొదట్లో దారిపక్క చేలల్లో పసుపు తవ్వే ఆడవాళ్ళు పని ఆపి మరీ చూసేవాళ్ళు. "ఓ టీచరమ్మా, నిన్ను ఎవలు తరుముతుండ్రు?" అని ఒకామె అరిచేది. "హెడ్మాస్టరు!" అనేదాన్ని. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. రెండు నెలలయ్యేసరికి వాళ్ళే నాకు కోచ్‌లయ్యారు. "ఇయ్యాల లేటైనవ్, జర జల్ది ఉరుకు" అని తొందరపెట్టేవాళ్ళు. ఉడుకుతున్న పసుపు వాసన, చలి, కాలి కింద ఖాళీ రోడ్డు. ఎంత మంచి రోజులో! ఇప్పుడు తలుచుకున్నా కాళ్ళు ఊరుకోవు.

నిజానికి చిన్నప్పుడు కూడా పరుగెత్తేదాన్ని. పదో తరగతిలో జిల్లాలో ఫస్టు వచ్చాను. రాష్ట్ర పోటీలకు పోవాలంటే క్లాసు టీచర్ సంతకం కావాలి. మా క్లాసు టీచర్ గంగారాం సారు, లెక్కలు చెప్పేవారు. ఆయన ఆ కాగితం చదివి తిరిగి నా చేతిలోనే పెట్టారు. "పరీక్షలు ముంగట పెట్టుకొని ఉరుకుడేంది బిడ్డా? ఉరికితే నౌకరి ఎవలిస్తరు?" అన్నారు. ఒక్కనాడైనా గ్రౌండుకి వచ్చి నా పరుగు చూసిన మనిషి కాదు. ఏడ్చాను, బతిమాలాను, తర్వాత పరుగే మానేశాను.

ఆయన నేర్పిన లెక్కలతోనే నాకు నౌకరీ వచ్చింది. అది ఒప్పుకుంటాను. కానీ కోపం పోలేదు. నేను మళ్ళీ పరుగు మొదలుపెట్టడానికి నాలుగేళ్ళ ముందు ఆయన చనిపోయారని తెలిసినప్పుడు చూడటానికి కూడా పోలేదు. స్పెషల్ క్లాసు ఉందని ఇంట్లో చెప్పాను. ఆ రోజు ఆదివారం.

ఇక అసలు సంగతి. ఆ ఫిబ్రవరిలో వరసగా రెండుసార్లు లేటుగా పోయాను. పిల్లలు పుస్తకాలు ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. మా హెడ్మాస్టర్ మేడం అరిచే మనిషి కాదు. "మీ ఉరుకుడు మీ ఇష్టం మేడం. గని గీ పిల్లల పరీక్షలు మల్లొస్తయా?" అంది. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు. ఇంకొక్కసారి లేటైతే పరుగు మానేసి బస్సెక్కుతానని మాటిచ్చాను. మాటంటే మాటే.

ఆ తర్వాతి సోమవారం. ప్రీఫైనల్ పేపర్లు, అరవై రెండు, దిద్ది సంచిలో పెట్టుకుని బయల్దేరాను. బడి ఇంకా కిలోమీటరుందనగా రోడ్డంతా ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది. మా దిక్కున ఆ రోజుల్లో అది మామూలే. బండ్లు పోవడానికి ఒక పక్కన దారి వదులుతారు. ఆ రోజు ఆ దారిలో పసుపు ఉడికించే బాయిలర్‌ని లాగే ట్రాక్టరు దిగబడి ఉంది. రెండు వైపులా నీళ్ళు పారిన పొలాలు.

చెప్పుల కాళ్ళతో పసుపు తొక్కం మేము. దయ్యాల్ని నమ్మనిదాన్నే, అయినా ఇంటికొచ్చే లక్ష్మిని బూట్లతో తొక్కడం నా వల్ల కాలేదు. రోడ్డు కింద కాలువ పోయే మోరీ గోడ మీద సంచి దింపి, వంగి బూట్లు విప్పాను. వాటిని చేత పట్టుకుని, కొమ్ముల మధ్య కాళ్ళు చూసి చూసి పెట్టుకుంటూ అవతలికి దాటాను. దాటగానే పిక్క పట్టేసింది. రోడ్డు మీదే కూలబడి, పిసుక్కుని, బూట్లు తొడుక్కుని వాచీ చూస్తే ఏడు యాభై. ఇక ఏదీ ఆలోచించలేదు, కుంటుకుంటూనే ఉరికాను. ఏడు యాభై ఎనిమిదికి గేటు దాటాను.

వేడినీళ్ళ బకెట్ ముందు నిలబడ్డాక గానీ వీపు ఖాళీగా ఉందని తెలియలేదు. అరవై ఇద్దరు పిల్లల పేపర్లు మోరీ మీద ఉన్నాయి! పరుగు సంగతి దేవుడెరుగు, ఆ పిల్లలకి ఏ మొహం చూపించాలి? "లస్మక్కా, నా సంచి!" అని అరిచాను.

లస్మక్క తాపీగా చూసింది. "మీ టేబుల్ మీదనే పెట్టిన గద మేడం. గా పెద్దసారు తెచ్చిచ్చిండు."

ఏ పెద్దసారు అన్నాను.

"నాకేమెర్క? సన్నగున్నడు, తెల్ల అంగి. గడియారం గిట్ల, మణికట్టు లోపలిదిక్కు పెట్టుకున్నడు. ఆర్మూర్ నుంచి ఎంతసేపట్ల ఉరికొస్తదని అడిగిండు. గంటకు జర ఎక్కువైతదన్న. మీరొచ్చేదాక గేటుకాడనే నిలబడతనన్నడు."

గంగారాం సారు గడియారం అలాగే పెట్టుకునేవారు. బోర్డు మీద రాస్తూనే టైం కనపడాలని. గేటు దాకా పోయి చూశాను, ఎవరూ లేరు. గంట కొట్టారు. పోయి క్లాసు చెప్పాను, ఏం చెప్పానో మాత్రం గుర్తు లేదు.

మధ్యాహ్నం ఆ పసుపు దగ్గరికి నడిచి పోయాను. "మీరు పోయినంక ట్రాక్టరు గుంజేదాక కుక్క సుత పోలే మేడం" అన్నాడు పసుపు రైతు. మోరీ మీద సంచి ఉన్నట్టు కూడా ఎవరూ చూడలేదు. బడికి ఇంకో దారి లేదు. నన్ను దాటి ఎవరైనా పోతే నాకు కనపడకుండా ఎలా పోతారు?

మర్నాడు నా పాత క్లాసు ఫోటో లస్మక్కకి చూపించాను. చాలాసేపు చూసింది. "గీయననే అనిపిస్తది. గని గాయనకు వయసు ఎక్కువుండె" అంది. ఆ ఫోటో పాతికేళ్ళ కిందటిది.

గడియారం లోపలికి పెట్టుకునే పెద్దవాళ్ళు జిల్లాలో ఎంతమందైనా ఉండొచ్చు. ఎవరో పుణ్యాత్ముడు సంచి మీద బడి పేరు చూసి ఏ గట్టు మీదినుంచో వచ్చి ఇచ్చి ఉండొచ్చు. అన్ని రకాలుగా లెక్క వేశాను, ఒక్కటీ తేలలేదు. ఆ ఏడు మా పిల్లలందరూ పాసయ్యారు, నేనూ మారథాన్ పూర్తి చేశాను. తర్వాత బదిలీ అయింది. ఇప్పుడు బడి దూరం, బస్సులో పోతున్నాను. లస్మక్క వేడినీళ్ళు గుర్తొస్తే మనసంతా అదోలా అయిపోతుంది.

ఒక్క మాట మాత్రం లస్మక్కకి కూడా చెప్పలేదు. ఆ రోజు గేటులోకి ఉరికేటప్పుడు పక్కన తెల్ల అంగీ ఒకటి కంటికి తగిలింది. పిల్లల తండ్రి ఎవరో అనుకున్నాను. మణికట్టు తిప్పి టైం చూసుకుంటున్నట్టు అనిపించింది. నేను తల తిప్పలేదు.

ఆయన ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ పొద్దున నా చేతిలో రెండు నిమిషాలున్నాయి. ఒకటి ఆయనకి ఇచ్చి ఉండాల్సింది.