మోటారు మామయ్య కడుపునొప్పి

వీధిలో అందరికీ ఆయన మోటారు మామయ్య. కాలిపోయిన ఫ్యాను మోటార్లకు రాగి తీగ చుట్టి మళ్ళీ తిప్పుతాడు. నాకు మొగుడు. ఉత్త మొండిఘటం. ఏ మోటారు ముందు పెట్టినా ఒకటే పాట: "ముందు కరెంటు తియ్యి, తర్వాతే చెయ్యి పెట్టు." మోటారుకైతే సరే. ఆ సూత్రం ఒంటికీ వాడాడు, నా ఖర్మ!

కడుపులో పొడుస్తోందని తిండి మానేశాడు. ఏం పెట్టినా కక్కేశాడు. రోజూ చేసుకునే ఇన్సులిన్ కూడా ఆపేశాడు.

"తిండే లేదు కదే, ఇంజెక్షన్ దేనికి? లోడు లేనప్పుడు కరెంటెందుకు?" అన్నాడు.

నిజమే కాబోలు అనిపించింది. మర్నాటికి ఎగశ్వాస. నేనూ మా మరిదీ కలిసి ఆసుపత్రిలో చేర్చాం.

డాక్టరమ్మ ఆయన రక్తం తీసిన గొట్టం చూపించింది. పైన పాలలా తెల్లగా తేలుతోంది. అదంతా కొవ్వట!

"కడుపులో ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి, పాంక్రియాస్, వాచింది. ఇన్సులిన్ చాలక రక్తంలో యాసిడ్ పేరుకుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తున్నాయి" అంది.

"ముందు ఏది వచ్చిందమ్మా?"

"ఇప్పుడే చెప్పలేం."

చదువుకున్న మీకే తెలియకపోతే నాకేం తెలిసి చస్తుంది తల్లీ!

సాయంత్రానికి షుగరు దిగిందన్నారు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నా. అంతలో నర్సు గ్లూకోజ్ సీసా తెచ్చి తగిలించింది. పక్కన ఇన్సులిన్ కూడా ఎక్కుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"దించిందీ మీరే, మళ్ళీ ఎక్కించేదీ మీరేనా? ఏం చోద్యమమ్మా ఇది!"

"యాసిడ్ ఇంకా పోలేదు పిన్నిగారూ. అది పోయేదాకా ఇన్సులిన్ ఆపకూడదు. అలా ఇస్తూ పోతే షుగరు మరీ పడిపోతుంది. అందుకే గ్లూకోజ్" అంది నర్సు.

తలూపాను. సగమే బుర్రకెక్కింది. ఈయన చేసిన నిర్వాకం మాత్రం పూర్తిగా అర్థమైంది. లేవనీ, దులిపేస్తాను అనుకున్నా.

లేవలేదు. తెల్లారేసరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మూత్రం ఆగిపోయింది. మనిషి ఏదేదో గొణుగుతున్నాడు.

"ఊపిరికి గొట్టం వెయ్యాలి. వేశాక మాట్లాడలేరు. బతుకుతారని మాట ఇవ్వలేను. ఏమైనా చెప్పాలంటే ఇప్పుడే చెప్పండి" అంది డాక్టరమ్మ.

ఏం చెప్పాలి? తిట్టాలా? ఏడవాలా? చెయ్యి పట్టుకున్నా. ఆయన నా మొహంలోకి చూశాడు.

"అమ్మా, దాహం. నీళ్ళియ్యవే."

నేను కాపురానికి రాకముందే పోయింది మా అత్తగారు. చుక్క నీళ్ళు కూడా పొయ్యొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"ఇస్తాను నాన్నా, కాస్త పడుకో" అన్నాను.

ఇక గొట్టం వెయ్యమని డాక్టరమ్మకు తలూపాను.